నొప్పి బిళ్ళ, పూత మందు: జంట వాడకంలో మేలు, ముప్పు

నొప్పికి నోటితో మింగే మాత్రనూ, చర్మంపై రాసే జెల్, ఆయింట్‌మెంట్, బామ్ లాంటి పూత మందునూ ఒకే రోజుల్లో కలిపి వాడటాన్ని ఇక్కడ జంట వాడకం అంటున్నాం. కీళ్ళ అరుగుదల, నడుం పట్టు, బెణుకు, జ్వరం తగ్గాక మిగిలే కీళ్ళ నొప్పులు దీనికి మామూలు కారణాలు. ఈ జంటల్లో కొన్నిటిని వైద్యులే కోరి రాస్తారు. కొన్ని డబ్బు దండగ. కొన్ని మూత్రపిండాలకూ కడుపుకూ చేటు. ఏది ఏ రకమో డబ్బా మీది బొమ్మ చెప్పదు. బిళ్ళలో ఏ మందుంది, ట్యూబులో ఏ మందుంది అని విడివిడిగా చదివితేనే తేలుతుంది. పల్నాడు జిల్లాలో మిరప, పత్తి పండే ఈపూరు లాంటి మండలంలో ఈ లెక్క తప్పడానికి కారణాలు ఆ నేలలోనూ ఆ పనిలోనూ ఉన్నాయి కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెట్టడం సబబు.

పొలం పని, ఎండ, మందుల షాపు

ఈపూరు వినుకొండ శాసనసభ నియోజకవర్గంలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లాను విడదీసి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లాను ఏర్పరచినప్పుడు అందులోకి వచ్చింది. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్ళు పారే ఈ ప్రాంతంలో మిరప, పత్తి ముఖ్యమైన పంటలు. మిరపకాయ కోయాలన్నా పత్తి తీయాలన్నా చేత్తోనే, అదీ గంటల తరబడి నడుం వంచి. మిరప కోతలు సంక్రాంతి దాటాక ఊపందుకుని ఎండలు ముదిరేదాకా సాగుతాయి. రాష్ట్రంలో ఎండ తీవ్రతకు పేరుమోసిన రెంటచింతల ఈ జిల్లాలోదే. చేలో దిగిన కూలీ మధ్యాహ్నానికి ఎంత చెమట కారుస్తుంది, ఎన్ని నీళ్ళు తాగుతుంది అన్నది నొప్పి మందుల వ్యాసంలో పక్క విషయంలా కనిపించవచ్చు. మూత్రపిండాల దగ్గరకు వచ్చేసరికి అదే అసలు విషయం.

నొప్పి పుట్టిన మనిషి ముందు వెళ్ళేది మందుల షాపుకో, ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరకో. రోజు కూలి పోగొట్టుకుని పట్నం వెళ్ళి ఆసుపత్రిలో వరుసలో నిలబడటం కంటే ఒళ్ళునొప్పుల బిళ్ళలు ఒక షీటు కొనుక్కోవడం చౌక. ఆ లెక్కను తప్పుపట్టడం తేలికే కానీ, కూలి దండుగ లేని వేరే దారి చూపించకుండా తప్పుపట్టి లాభం లేదు. చిక్కల్లా బిళ్ళను రంగును బట్టీ షీటు మెరుపును బట్టీ గుర్తుపట్టడంలో ఉంది. ఒక షాపులో ఒక కంపెనీ బిళ్ళ, ఇంకో షాపులో ఇంకో కంపెనీ బిళ్ళ కొన్నవాళ్ళు రెండూ వేరువేరు మందులనుకుంటారు. చాలాసార్లు అవి రెండూ ఒకటే.

2005 చివర్లో మొదలై 2006 అంతా ఆంధ్రప్రదేశ్‌ను చికున్‌గున్యా పట్టి పీడించింది. జ్వరం వారంలో దిగినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి వదల్లేదు. బిళ్ళనూ పూతనూ కలిపి రోజూ వాడే అలవాటు చాలా ఇళ్ళలో అప్పుడే స్థిరపడిందనిపిస్తుంది.

షీటు మీద, ట్యూబు మీద

షీటు వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో అసలు పేరు ఉంటుంది. మన దగ్గర విరివిగా అమ్ముడుపోయే ఒక రకం బిళ్ళలో ఏసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా., సెరాషియోపెప్టిడేజ్ 15 మి.గ్రా. ఉంటాయి. మొదటిది వాపునూ నొప్పినీ తగ్గించే మందు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్‌లది అదే కుటుంబం. పైగా ఏసిక్లోఫెనాక్ ఒంట్లోకి వెళ్ళాక కొంతమేర డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. రెండోది జ్వరాన్నీ నొప్పినీ తగ్గిస్తుంది, వాపు మీద దాదాపు పనిచేయదు. మూడోది వాపు తీస్తుందని చెప్పి కలిపే ఎంజైమ్. జపాన్‌లో దాన్ని అమ్ముతూ వచ్చిన టకేడా కంపెనీ, గుణం రుజువు కాలేదని 2011లో తానే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. మన షాపుల్లో మాత్రం అది నిక్షేపంగా ఉంది.

ఇక ట్యూబు. డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, అవిసె నూనె 3 శాతం, మిథైల్ శాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం: ఇది మన దేశపు నొప్పి జెల్‌లలో తరచుగా కనిపించే పాళ్ళ వరుస. కొన్నిటిలో మిరపలోని కారపు పదార్థం కాప్సైసిన్ కూడా కాస్త కలుపుతారు. మిథైల్ శాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. అంటే పైన చెప్పిన బిళ్ళ మింగి ఈ జెల్ రాసుకున్న మనిషి ఒకే కుటుంబానికి చెందిన మూడు మందులు వాడుతున్నట్టు. తన దృష్టిలో మాత్రం వాడింది ఒక బిళ్ళ, ఒక ఆయింట్‌మెంట్.

బామ్‌లది వేరే దారి. కృష్ణా జిల్లా ఎలకుర్రుకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆయన నడిపిన ఆంధ్రపత్రిక, భారతి పత్రికలు ఆ రాబడి మీద నిలబడినవే. తెలుగు పత్రికారంగం కొంతవరకు తలనొప్పికి రుణపడి ఉందనుకోవచ్చు. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం లాంటివి కలిసిన బామ్ వాపును తగ్గించదు. చర్మంలోని నరాలకు చల్లదనమో వెచ్చదనమో తోపించి నొప్పి మీద నుంచి ధ్యాస మళ్ళిస్తుంది. శాలిసిలేట్ లేని బామ్‌ను నొప్పి బిళ్ళతో కలిపి వాడినందువల్ల పెద్దవాళ్ళకు లోపలి అవయవాల మీద అదనపు భారం పెద్దగా ఉండదు.

చర్మం గుండా ఎంత

మోకాళ్ళ అరుగుదలకు ఏమీ కలపని 1 శాతం డైక్లోఫెనాక్ జెల్‌ను అమెరికాలో ఒక్కో మోకాలికి 4 గ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు రాయమంటారు. అంటే రోజుకు 16 గ్రాముల జెల్, అందులో 160 మి.గ్రా. మందు. మింగే డైక్లోఫెనాక్ మోతాదు రోజుకు 150 మి.గ్రా. దగ్గర ఉంటుంది. అంకెలు దాదాపు సమానమే అయినా, అలా రాసిన మందులో రక్తంలోకి చేరేది మింగినప్పుడు చేరేదానిలో 6 శాతం మాత్రమే. రెండు మోకాళ్ళకూ రెండు చేతులకూ కలిపి రోజుకు 48 గ్రాములు పూస్తే ఇది 20 శాతానికి పెరుగుతుంది. రక్తంలో తక్కువగా ఉన్నా, చర్మం కింద దగ్గరగా ఉండే మోకాలు, వేళ్ళ కీళ్ళలో పనిచేసేంత మందు చేరుతుంది. అందుకే అమెరికా కీళ్ళవ్యాధుల వైద్యుల సంఘం 2019లోనూ, బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లోనూ మోకాళ్ళ అరుగుదలకు పూత మందును ముందు వరుసలో ఉంచాయి. తుంటి లాంటి లోతైన కీలుకు పూత అందదు. నడుం నొప్పికి కూడా దాని బలం అంతంత మాత్రమే.

మన దగ్గర జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. పై మోతాదు ప్రకారం 30 గ్రాముల ట్యూబు ఒక మోకాలికి రెండు రోజులు కూడా రాదు. ఇంట్లో అదే ట్యూబు నెల రోజులు నడుస్తుంది, బఠాణీ గింజంత తీసి ముగ్గురు రాసుకుంటారు. పని చేయకపోయేసరికి పూతను పక్కన పెట్టి బిళ్ళల సంఖ్య పెంచుతారు. ముప్పు తక్కువ ఉన్నదాన్ని పొదుపుగా, ముప్పు ఎక్కువ ఉన్నదాన్ని ధారాళంగా వాడటమన్నమాట.

అలాగని విదేశీ మోతాదును మన ట్యూబుకు అంటగట్టకూడదు. 10 శాతం మిథైల్ శాలిసిలేట్ ఉన్న జెల్‌ను రోజుకు 16 గ్రాములు పూస్తే, డైక్లోఫెనాక్‌తో పాటు 1.6 గ్రాముల శాలిసిలేట్ కూడా చర్మం మీద పడుతుంది. రెండు మోకాళ్ళయితే 3.2 గ్రాములు. ఆ మోతాదు ఏమీ కలపని జెల్‌కు లెక్కగట్టింది. మిశ్రమ జెల్ అయితే ట్యూబు మీద రాసిన ప్రకారం పలచగా, నొప్పి ఉన్న చోట మాత్రమే రాయాలి. ఎక్కువ కాలం వాడాల్సి వస్తే మెంథాల్, శాలిసిలేట్ లేని సాదా డైక్లోఫెనాక్ జెల్ కావాలని అడిగి తీసుకోవడం మేలు. వాసన, చురుకు లేకపోవడంతో అది పనిచేయదనుకునేవాళ్ళు చాలామంది. మండితేనే మందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది.

కలిసే జంట, కలవని జంట

పారాసిటమాల్ బిళ్ళ, సాదా డైక్లోఫెనాక్ పూత: ఇది కుదిరే జంట. రెండూ వేరువేరు దారుల్లో పనిచేస్తాయి, ఒకదాని చెడుకు ఇంకొకటి తోడు కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. ఈ అంకె మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళది. కిలోకు రోజుకు 60 మి.గ్రా. చొప్పున చూస్తే, 40 కిలోలున్న కూలీకి రోజుకు 2,400 మి.గ్రా. దాటకూడదు. 650 మి.గ్రా. బిళ్ళలు మూడు వేసుకుంటే 1,950. నాలుగోది వేసుకుంటే 2,600, గీత దాటినట్టే. ఇది కాక పగలు వేసుకున్న ఒళ్ళునొప్పుల బిళ్ళలు రెండింటిలోనూ 325 చొప్పున దాగి ఉంటే మొత్తం 3,250. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయంలో విషపదార్థంగా మారే పాలు పెరుగుతుంది. రోజూ సారా, బ్రాందీ తాగేవాళ్ళలో, సరిగా తినని వాళ్ళలో దాన్ని విరిచే నిల్వలు ముందే తక్కువ. మొదటి రోజు వాంతులు, నీరసం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ బాగా పనిచేసేది తొలి గంటల్లోనే. కాబట్టి పొరపాటున ఎక్కువ మింగినవాళ్ళను తేరుకుంటారులే అని ఇంట్లో ఉంచకూడదు.

డైక్లోఫెనాక్ లేదా ఏసిక్లోఫెనాక్ బిళ్ళ, డైక్లోఫెనాక్ పూత: ఇది మన దగ్గర ఎక్కువగా కనిపించే జంట, తక్కువ సమర్థించదగ్గ జంట. డైక్లోఫెనాక్ పూత మందుల మీద అమెరికాలో ముద్రించే హెచ్చరికలోనే ఈ సంగతి ఉంది. ఈ కుటుంబం బిళ్ళలతో కలిపి వాడినవాళ్ళలో మలద్వారం నుంచి రక్తస్రావం ఎక్కువగా కనిపించింది, రక్తపరీక్షలో మూత్రపిండాల తీరు చెప్పే క్రియాటినిన్, యూరియా, వాటితో పాటు హిమోగ్లోబిన్ అంకెలు ఎక్కువమందిలో తేడా చేశాయి. లాభం ముప్పును మించుతుందని వైద్యుడు తేల్చితే తప్ప కలపవద్దని దాని సారాంశం. కొద్ది రోజులపాటు, యువకుడికి, బెణుకుకు వైద్యుడు రెండూ రాస్తే కంగారు పడనక్కర్లేదు. అరవై దాటిన మనిషి నెలల తరబడి వాడటం వేరు.

గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు నొప్పి పేరుతో దాన్ని ఆపకూడదు. ఐబుప్రోఫెన్ కలిస్తే ఆస్పిరిన్ గుండెకు చేసే మేలుకు అడ్డు తగలవచ్చు కూడా. వీళ్ళకు సాదా పూతే నయం.

మూత్రపిండాలు

డైక్లోఫెనాక్ కుటుంబం నొప్పిని తగ్గించేది, ఒంట్లో నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాల తయారీని ఆపి. జాన్ వేన్ 1971లో ఆస్పిరిన్ విషయంలో ఈ గుట్టు విప్పాడు, 1982లో నోబెల్ పంచుకున్నాడు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండంలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలను తెరిచి ఉంచేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. కడుపునిండా నీళ్ళు తాగి నీడపట్టున ఉన్న మనిషికి రెండు బిళ్ళలు వేసినా మూత్రపిండం తట్టుకుంటుంది. మార్చి ఎండలో మిరప చేలో ఉదయం నుంచి చెమటోడ్చి, మూత్రానికి వెళ్ళే చాటు లేదని నీళ్ళు కూడా తగ్గించి తాగే ఆడకూలీకి అదే బిళ్ళ దెబ్బ తీయగలదు. ఆమె బిళ్ళ వేసుకునేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

దీనికి బీపీ మందులు తోడైతే ఇంకా ఇరకాటం. టెల్మిసార్టన్ లేదా ఎనలాప్రిల్ లాంటి బిళ్ళ, మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ లాంటిది, వాటి మీద డైక్లోఫెనాక్: ఈ మూడూ కలిస్తే మూత్రపిండం హఠాత్తుగా దెబ్బతినే అవకాశం పెరుగుతుందని వైద్యశాస్త్రానికి చాలాకాలంగా తెలుసు. మొదటి రెండూ ఒకే బీపీ బిళ్ళలో కలిసి వస్తున్నాయి కనుక వాడేవాళ్ళకు తాము మూడు వాడుతున్న సంగతే తెలియదు. నొప్పి బిళ్ళ బీపీని కూడా పెంచుతుంది. బీపీ అదుపు కావడం లేదని మందు మార్చేముందు, నొప్పికి ఏం వాడుతున్నావని అడగడం సగం వైద్యం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దశాబ్దాలుగా సాగుతున్న మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదమిత్థంగా తేలలేదు. నీళ్ళు, ఎండ, పురుగుమందులతో పాటు నొప్పి మాత్రల మీద కూడా అనుమానాలు ఉన్నాయి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. నొప్పి బిళ్ళే ఉద్దానం జబ్బును తెచ్చిందనడానికి ఆధారం లేదు. ముందే దెబ్బతిన్న మూత్రపిండాన్ని అది ఇంకా కుంగదీస్తుందన్నదానిలో మాత్రం సందేహం లేదు. పల్నాడు పొరుగున కనిగిరి ప్రాంతంలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల కీళ్ళూ ఎముకలూ పట్టేసినవాళ్ళ సంగతీ ఇలాంటిదే. అక్కడ బిళ్ళ నొప్పిని కాసేపు మరిపిస్తుంది, నీళ్ళు మారితే తప్ప జబ్బు కదలదు.

కడుపు, గుండె, రక్తం

కడుపు లోపలి పొరను కాపాడేవీ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే మంట, పుండు, రక్తస్రావం. పరగడుపున వేసుకోవద్దనేది మంచి మాటే, కానీ అన్నం తిన్నాక వేసుకుంటే పుండు పడదనేది భ్రమ. రక్తంలోకి చేరిన మందు అటునుంచి కూడా పొరను దెబ్బతీస్తుంది. తోడుగా ఇచ్చే పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళ జీర్ణాశయాన్ని నిజంగానే కాపాడుతుంది. పేగులనూ మూత్రపిండాలనూ కాపాడలేదు. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళకు డైక్లోఫెనాక్ బిళ్ళలు వద్దని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో తేల్చింది. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్ళు మిథైల్ శాలిసిలేట్ ఉన్న పూతకు కూడా దూరంగా ఉండాలి. పై పూతతోనే రక్తం గడ్డకట్టే సమయం పెరిగిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మిరప చేతులు, వేడి కాపడం

కోతల రోజుల్లో వేళ్ళను మండించేదీ, నొప్పి జెల్‌లో వేసేదీ ఒకటే కాప్సైసిన్. నరాల్లో అది తగిలే చోటును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఆ చోటు వేడికి కూడా స్పందిస్తుంది కాబట్టే కారం తగిలితే కాలినట్టుంటుంది. పగలంతా కాయలు కోసిన చేతులతోనే జెల్ రాసుకుంటే మంట రెట్టింపు. కారం నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. ముందు చేతులకు కాస్త నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడిగి, ఆరాక పూత రాయాలి. గీరుకుపోయిన చోట, పుండు మీద రాయకూడదు.

జెల్ రాసి దాని మీద వేడినీళ్ళ సంచి పెట్టడం, జిల్లేడాకు కాచి కట్టడం, వావిలాకు కాపడం పెట్టడం మామూలే. వేడికి చర్మం గుండా మందు ఎక్కువ దిగుతుంది, మెంథాల్, శాలిసిలేట్ ఉన్న జెల్ అయితే బొబ్బలెక్కేలా కాలవచ్చు. అలాంటి కాలిన గాయాల మీద అమెరికా ఔషధ సంస్థ 2012లో ప్రత్యేకంగా హెచ్చరించింది. కాపడం కావాలంటే ముందు పెట్టుకుని, ఒళ్ళు చల్లబడ్డాక పూత రాసుకోవాలి. పైన గట్టిగా కట్టు కట్టకూడదు. ఇదే కుటుంబంలోని కీటోప్రొఫెన్ జెల్ వాడేవాళ్ళకు ఎండే శత్రువు. వాడినన్నాళ్ళూ, ఆపిన తర్వాత రెండు వారాలూ రాసిన చోటును బట్టతో కప్పి ఉంచాలి. పొలం మనుషులకు అది తగిన మందు కాదు.

పిల్లలు, గర్భిణులు, విషజ్వరాలు

మిథైల్ శాలిసిలేట్ శుద్ధ నూనె ఒక టీస్పూను సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం. పసివాడు తాగితే ప్రాణం మీదికి వస్తుంది. కర్పూరం మింగితే ఫిట్స్ వస్తాయి. జలుబని చంటిబిడ్డ ముక్కు దగ్గర బామ్ రాయడం మానాలి. పూతతో పెద్దపిల్లలకూ ప్రమాదమే అనడానికి 2007లో న్యూయార్క్‌లో ఒక 17 ఏళ్ళ పరుగుల క్రీడాకారిణి మరణం ఉంది. కండరాల నొప్పి పూతలు విపరీతంగా వాడటం వల్ల ఒంట్లో శాలిసిలేట్ పేరుకుపోయిందని తేలింది. గర్భిణులు 20 వారాల నుంచి ఈ కుటుంబం మందులను వైద్యుడు చెబితే తప్ప వాడకూడదు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఒళ్ళు ఎంత నొప్పులున్నా పారాసిటమాల్ ఒక్కటే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి.

సూది, పొట్లం

జంట అనుకున్నది చాలాసార్లు మూడోదాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. 75 మి.గ్రా. డైక్లోఫెనాక్ సూది వేయించుకుని ఇంటికొచ్చి అదే మందు బిళ్ళ వేసుకోవడం ఒకటి. పేరు లేని పొట్లాల్లో కట్టిచ్చే తెల్లటి చిన్న బిళ్ళ ఇంకొకటి. అది డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ అయితే రెండు రోజుల్లో నొప్పులు మాయమై, ఆకలి పెరిగి, ఆ చేతి మందు గొప్పదన్న పేరు వస్తుంది. స్టెరాయిడ్, నొప్పి బిళ్ళ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. షుగరూ పెరుగుతుంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. పేరు చెప్పని మందు వద్దనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

చట్టం ఎక్కడ నిలబడింది

డైక్లోఫెనాక్ బిళ్ళ వైద్యుడి చీటీ మీద అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందు. ఆ షెడ్యూల్ పైపూత రూపాలను మినహాయించింది, కనుక జెల్ చీటీ లేకుండా దొరుకుతుంది. మిశ్రమ బిళ్ళల్లో పారాసిటమాల్ 325 మి.గ్రా. మించకూడదన్న నిర్ణయం, 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఇదే కుటుంబంలోని నిమెసులైడ్ నిషేధం రెండూ 2011లో వచ్చాయి. 2024 ఆగస్టులో కేంద్రం నిషేధించిన 156 మిశ్రమ మందుల్లో ఏసిక్లోఫెనాక్ 50, పారాసిటమాల్ 125 మి.గ్రా. బిళ్ళ కూడా ఉంది. ఇదే డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడితే, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోతున్నాయని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు గొడ్ల దగ్గరికి పోతున్నాయని 2015లో సూదిమందు సీసాను 3 మి.లీ.కు కుదించారు.

ఎప్పుడు ఆపాలి, ఎవరికి చెప్పాలి

మలం తారులా నల్లగా పోవడం, కాఫీ పొడి రంగు వాంతి, మూత్రం బాగా తగ్గడం, ముఖమో కాళ్ళో ఉబ్బడం, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, రాసిన చోట బొబ్బలు: వీటిలో ఏది కనిపించినా బిళ్ళా పూతా రెండూ ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. నడవలేని స్థితిలో 108 అంబులెన్స్‌ను పిలవాలి. వెళ్ళేటప్పుడు షీటూ, ట్యూబూ, బీపీ షుగరు బిళ్ళలూ అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళాలి. పూత మందును మందుగా లెక్కవేయక చెప్పడం మరచిపోవడం పరిపాటి. పది రోజులకు మించి రోజూ నొప్పి బిళ్ళ అవసరమవుతుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ చూపించుకుని, క్రియాటినిన్ పరీక్ష చేయించమని అడగాలి. పిల్లలు పూత మందు మింగినప్పుడు వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ట్యూబుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. మందు వికటించిన సంగతిని రోగి గానీ ఇంటివాళ్ళు గానీ నేరుగా 1800 180 3024కు ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. 2010 నుంచి నడుస్తున్న జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం ఈ నివేదికలను తీసుకుంటుంది. షీటు మీదా ట్యూబు మీదా ఉన్న బ్యాచ్ నంబరు, గడువు తేదీ దగ్గర పెట్టుకుని ఫోన్ చేస్తే పని తేలిక.